మెకానిక్ చదువు: పెట్టేదెంత, తిరిగొచ్చేదెంత?

పదో తరగతి ఫలితాలు వచ్చిన నెలలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో ఒకే మాట నలుగుతుంది. పిల్లోడికి చదువు మీద అంత మనసు లేదు, బండి విప్పడమంటే ప్రాణం. మెకానిక్ పనిలో పెడితే బతుకుతాడా? పెడితే తెలిసిన మేస్త్రీ దగ్గర షెడ్డులో పెట్టాలా, ఐటీఐలో చేర్చాలా, డబ్బు కట్టించుకుని ఆరు నెలల్లో నేర్పిస్తామనే చోటికి పంపాలా? ఎకరా రెండెకరాల మెట్ట భూమి, ఒకటో రెండో పాడి ఆవులు, ఎండిన బోరు ఉన్న కుటుంబానికి ఇది చిన్న నిర్ణయం కాదు. అయినా పెళ్లి సంబంధానికి పది చోట్ల విచారించే మనం ఈ విషయంలో పక్కింటాయన చెప్పిన మాట మీదే నడుస్తాం.

ఉన్న దారులన్నీ పక్కపక్కన పెట్టి ఖర్చు, రాబడి తూచి చూద్దాం. ఎక్కువమంది చూసేది ఫీజు ఒక్కటే. అది తూకంలో చిన్న రాయి. చూడాల్సినవి మూడు. కుర్రాడి చేతికి నిజమైన బండి ఎన్ని గంటలు దొరుకుతుంది? మొదటి సంపాదన ఎన్నో నెలలో వస్తుంది? చివర్లో ఇచ్చే సర్టిఫికెట్ ఆ షెడ్డు, ఆ ఊరు దాటి కూడా చెల్లుతుందా? ఈ మూడింటికీ సరైన జవాబున్న చదువుకు కాస్త ఖర్చయినా నష్టం లేదు. జవాబు లేనిది ఉచితంగా ఇచ్చినా నష్టమే.

ఒకే రోడ్డు మీద మూడు ఊళ్లు

అనంతపురం నుంచి కదిరి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాటి కృష్ణగిరి చేరే 42వ నంబరు జాతీయ రహదారి ఈ మూడు ఊళ్లనూ కలుపుతుంది. రోడ్డు ఒకటే అయినా ఏ ఊరి పని ఆ ఊరిదే. మదనపల్లెది టమోటా మార్కెట్టు. సీజన్లో లారీలు, మినీ లారీలు, పల్లెల నుంచి క్రేట్లు మోసుకొచ్చే టాటా ఏస్ బళ్లు రాత్రీ పగలూ తిరుగుతాయి. లోడుతో బయల్దేరిన లారీ దారిలో ఆగిందంటే రిపేరు ఖర్చుతో పోదు, సరుకు కుళ్లుతుంది, అవతలి మార్కెట్టులో ఆ పూట ధర తప్పిపోతుంది. అందుకే అర్ధరాత్రి ఫోన్ చేస్తే పానాల సంచితో వచ్చి రోడ్డు పక్కనే బండిని లేపే మెకానిక్‌కు అక్కడ విలువ ఎక్కువ. పుంగనూరు చుట్టూ పాల బళ్లు, ట్రాక్టర్లు, ఆటోలు, లెక్కలేనన్ని మోటారు సైకిళ్లు. కుప్పంలో గ్రానైటు మోసే బళ్లు, జేసీబీలు ఉన్నాయి. మూడు రాష్ట్రాల సరిహద్దు కాబట్టి తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే ఖాతాదారులంతా ఒకే షెడ్డుకు వస్తారు.

చుట్టూ ఇంకో ప్రపంచం ఉంది. హోసూరులో టీవీఎస్, అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీలు ఎప్పటి నుంచో నడుస్తున్నాయి. ఏథర్ ఎలక్ట్రిక్ స్కూటర్లు తయారయ్యేదీ హోసూరులోనే. ఓలా ఫ్యాక్టరీ కృష్ణగిరి జిల్లాలో ఉంది. శ్రీసిటీలో ఇసుజు, పెనుకొండ దగ్గర కియా ఉన్నాయి. బెంగుళూరు రెండు మూడు గంటల దూరం. పని నేర్చిన కుర్రాడు ఊళ్లో ఉండిపోవచ్చు, కుప్పంలో అయితే పొద్దున రైలెక్కి సాయంత్రానికి తిరిగి రావచ్చు, గల్ఫ్‌కూ పోవచ్చు. నేర్చిన పని ఎన్ని చోట్ల చెల్లితే దాని వెల అంత పెరుగుతుంది.

షెడ్డు: ఫీజు లేదు, కాలమే ఖర్చు

ఈ ప్రాంతంలో మెకానిక్కుల్లో చాలామంది షెడ్డులోనే తయారయ్యారు. మేస్త్రీ అన్నా, ఉస్తాద్ అన్నా గురువు ఆయనే. మొదటి నెలల్లో బండి కడగడం, నట్లు పెట్రోలులో తోమడం, టీ తేవడం. తర్వాత చైను బిగించడం, బ్రేకు లైనర్లు మార్చడం. ఆపైన క్లచ్ ప్లేట్లు. ఇంజన్ దించి బోరు, పిస్టన్, రింగులు చూసే వరకు రావాలంటే మేస్త్రీ మనసు పడాలి, కుర్రాడు నిలబడాలి.

ఈ చదువులో గొప్పతనం ఉంది. ఐటీఐ కుర్రాడు ఏడాదంతా చూసే బళ్ల కంటే ఎక్కువ బళ్లు షెడ్డు కుర్రాడి చేతుల మీదుగా ఒక నెలలో పోతాయి. బేరం తెలుస్తుంది, ఖాతాదారుడితో మాట్లాడడం తెలుస్తుంది, ఏ స్పేర్ పార్టు ఎక్కడ దొరుకుతుందో తెలుస్తుంది. రోడ్డు పక్కన బండిని లేపే చురుకుదనం పుస్తకంతో రాదు.

లోటు కూడా అంత పెద్దదే. మొదటి ఒకటి రెండేళ్లు ఇచ్చేది చేతి ఖర్చు. ఆ డబ్బుకు రాతకోతలు ఉండవు. చెయ్యి నలిగితే వైద్యం ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది మేస్త్రీ మంచితనాన్ని బట్టి ఉంటుంది. ఐదారేళ్లు పని చేసినా చూపించుకోవడానికి ఒక్క కాగితం ఉండదు. ఆ అనుభవంతో రైల్వేలో దరఖాస్తు పెట్టలేడు, కంపెనీ సర్వీస్ సెంటర్లో అడుగు పెట్టడం కష్టం, బ్యాంకులో అప్పు అడిగితే శిక్షణ రుజువు చూపమంటారు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం కుటుంబ పని లాంటి కొద్ది మినహాయింపులు తప్ప 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించింది. అయినా బడి మానేసిన పిల్లాడిని పని నేర్చుకుంటాడులే అని షెడ్డులో వదిలే అలవాటు మన పట్టణాల్లో ఇంకా పోలేదు. అది శిక్షణ కాదు. పదో తరగతి కూడా లేకుండా వచ్చిన పిల్లాడికి మిగతా దారులన్నీ అక్కడే మూసుకుపోతాయి.

ఐటీఐ: గంటల లెక్క

ఐటీఐలో వాహనాల పనికి సంబంధించిన ట్రేడులు చాలా ఉన్నాయి. డీజిల్ మెకానిక్ ఒక ఏడాది. మోటారు మెకానిక్ రెండేళ్లు. టూ వీలర్, త్రీ వీలర్ మెకానిక్ ఒక ఏడాది. రెండేళ్ల ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ ట్రేడు కూడా వచ్చింది. చాలా వాటికి పదో తరగతి పాసైతే చాలు. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు నామమాత్రం, అసలు ఖర్చు బస్సు చార్జీలు, తిండి, బట్టలు, హాస్టలు.

2022లో సవరించిన పాఠ్యప్రణాళిక ప్రకారం ఏడాదికి 1,200 గంటలు. అందులో 840 గంటలు ప్రాక్టికల్, 240 గంటలు థియరీ, 120 గంటలు ఉద్యోగ నైపుణ్యాలు. దీనికి తోడు 150 గంటలు బయటి వర్క్‌షాపులో పని చెయ్యాలి. కాగితం మీద ఇది మంచి లెక్క. కానీ ఒక బ్యాచిలో 24 మంది ఉంటే, విప్పి బిగించడానికి పనికొచ్చే ఇంజన్లు నాలుగే ఉంటే, ఒక్కో ఇంజన్ చుట్టూ ఆరుగురు నిలబడతారు. పానా పట్టుకునేది ఒకరిద్దరు, మిగతావాళ్లు చూస్తారు. అప్పుడు 840 గంటల్లో ఒక్కో చేతికి దక్కేది 140 గంటలే. ఇన్‌స్ట్రక్టర్ పోస్టు ఖాళీగా ఉంటే అదీ దక్కదు. అందుకే చేర్చే ముందు తల్లిదండ్రులు ఫీజు అడిగినంత గట్టిగా ఇంజన్లెన్ని, నేర్పేవాళ్లెవరు, బండి లోపం కోడ్ చదివే స్కానర్ ఉందా అని వర్క్‌షాపులోకి వెళ్లి చూడాలి. చూపించడానికి వెనకాడే చోట చేర్చకూడదు.

ఐటీఐ సర్టిఫికెట్‌కున్న బలం వేరు. జాతీయ స్థాయి ట్రేడ్ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి డీజిల్ మెకానిక్, మోటారు మెకానిక్ ట్రేడులు అర్హతే. ఏడో వేతన సంఘం ప్రకారం దాని మూల వేతనం 19,900 రూపాయలు. అందరికీ రాదు, పోటీ తీవ్రం. కానీ షెడ్డులో ఎంత గొప్ప మేస్త్రీ అయినా ఆ పరీక్ష హాలు గుమ్మం ఎక్కలేడు. ఈ ఒక్క తేడా చాలా కుటుంబాలకు ఐటీఐ వైపు మొగ్గడానికి సరిపోతుంది, సరిపోవాలి కూడా.

మూడేళ్ల పాలిటెక్నిక్ ఆటోమొబైల్ డిప్లొమాది ఇంకో లెక్క. కాలం ఎక్కువ, లెక్కలు ఎక్కువ, చేతి పని తక్కువ. సర్వీస్ సెంటర్లో సూపర్‌వైజర్, ఫ్యాక్టరీలో టెక్నీషియన్, రవాణా శాఖలో అసిస్టెంట్ మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ లాంటి ఉద్యోగాల మీద కన్నున్నవాళ్లకు అది సరైన దారి. సొంత షెడ్డు పెట్టుకోవాలనే కుర్రాడికి అంత కాలం అక్కర్లేదు.

అప్రెంటిస్: అందరూ వదిలేసే మెట్టు

ఐటీఐ అయిపోగానే చాలామంది ఇంటికొచ్చేస్తారు. అసలు చదువు మొదలయ్యేది ఆ తర్వాతే. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద పరిశ్రమల్లో, డిపోల్లో, సర్వీస్ సెంటర్లలో ఏడాది పని నేర్చుకుంటూ స్టైపెండ్ తీసుకోవచ్చు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు చోట్లా ఆర్టీసీ డిపోలున్నాయి. డీజిల్ మెకానిక్, మోటారు మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ వంటి ట్రేడుల్లో ఆర్టీసీ అప్రెంటిస్‌లను తీసుకుంటుంది. నూరు బళ్లు తిరిగే డిపోలో ఒక ఏడాది ఉంటే గేరు పెట్టె, బ్రేకులు, ఎయిర్ సిస్టమ్, ఎలక్ట్రికల్ అన్నీ కళ్ల ముందు విప్పుతారు, బిగిస్తారు. అంత పని డబ్బు కట్టినా ఏ కోర్సులోనూ దొరకదు.

స్టైపెండ్ ఎంత? 2019 నిబంధనల ప్రకారం ఐటీఐ పాసైనవాళ్లకు నెలకు కనీసం 7,000 రూపాయలు. నెలకు 26 పనిదినాలనుకుంటే రోజుకు 269 రూపాయలు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300. అంటే చదువుకుని, సర్టిఫికెట్ పొంది, లారీ ఇంజన్ దించే కుర్రాడికి చట్టం హామీ ఇచ్చే కనీస మొత్తం మట్టి పని కూలి కంటే తక్కువ. ఇది సిగ్గుపడాల్సిన విషయం. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి స్టైపెండ్‌ను 36 శాతం పెంచాలని సిఫారసు చేసింది. ఆ లెక్కన 7,000 కాస్తా 9,520 అవుతుంది, రోజుకు 366 పడుతుంది. అక్కడికి చేరితేనే పేద కుటుంబం పిల్లాడు మధ్యలో మానకుండా నిలుస్తాడు.

అయినా ఈ మెట్టు వదలకూడదు. ఏడాదికి 84,000 రూపాయలు తక్కువ సంపాదనే, కానీ అది చదువుకుంటూ వచ్చిన డబ్బు. పైగా అప్రెంటిస్ సర్టిఫికెట్ ఉన్నవాడిని ఫ్యాక్టరీ గేటు దగ్గర వేరుగా చూస్తారు. ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. అప్రెంటిస్ చేసినంత మాత్రాన ఆ సంస్థలోనే ఉద్యోగం వస్తుందని ఆశ పెట్టుకోకూడదు. దాన్ని చదువులో రెండో భాగంగానే చూడాలి.

చిన్న కోర్సులు: ఉచితమైనవి, ఉచితం కానివి

గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు బ్యాంకుల ఆధ్వర్యంలో జిల్లాల వారీగా నడుస్తున్నాయి. 1982లో ధర్మస్థల దగ్గర ఉజిరెలో మొదలైన ప్రయోగమే వీటికి మూలం. టూ వీలర్ మెకానిక్ శిక్షణ 30 రోజులు, భోజనం, వసతి ఉచితం. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పేరుతో గ్రామీణ యువత కోసం 2014లో వచ్చిన పథకం, 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కూడా ఫీజు లేని శిక్షణలే.

30 రోజుల్లో మెకానిక్ తయారవుతాడా? కాడు. రోజుకు ఎనిమిది గంటలు వేసుకున్నా 240 గంటలు. ఆ కాలంలో సర్వీసింగ్ వస్తుంది, పానాల పేర్లు, భాగాల పేర్లు వస్తాయి. ఇంజన్ మీద పట్టు రాదు. కానీ రెండు మూడేళ్లు షెడ్డులో చేసి చేతికి పని వచ్చినవాడికి ఇదే కోర్సు బంగారం. అతనికి లేని సర్టిఫికెట్, బ్యాంకు పరిచయం, లెక్కలు రాసే అలవాటు నెల రోజుల్లో వస్తాయి. అదే కోర్సు ఏమీ తెలియని కుర్రాడికి మొదటి మెట్టు మాత్రమే.

ఇక డబ్బు కట్టించుకునే ప్రైవేటు కోర్సులు. మంచివీ ఉండొచ్చు, కానీ తూచి చేరాలి. లక్ష రూపాయలు అడిగారనుకుందాం. ఆ కోర్సు వల్ల నెలకు 2,000 రూపాయలు ఎక్కువ జీతం వచ్చినా, పెట్టిన లక్ష తిరిగి రావడానికి 50 నెలలు, అంటే నాలుగేళ్ల పైనే పడుతుంది. వడ్డీకి తెచ్చిన డబ్బయితే ఇంకా ఎక్కువ. కాబట్టి అడగాల్సింది ఒక్కటే: ఈ సర్టిఫికెట్‌ను జాతీయ వృత్తివిద్యా మండలి గుర్తించిందా? గుర్తింపు లేని కాగితానికి లక్ష పెట్టడం కంటే అదే డబ్బుతో పానాల సెట్టు, స్కానర్ కొనుక్కోవడం మేలు.

2020 తర్వాత బండి మారిపోయింది

ఇన్నేళ్లూ షెడ్డు చదువు సరిపోయింది, ఇకముందు ఎందుకు సరిపోదు? 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బళ్లు మాత్రమే అమ్మాలన్న నిబంధన వచ్చింది. దాంతో చాలా మోటారు సైకిళ్లలో కార్బురేటర్ పోయి, కంప్యూటర్ చెప్పినట్టు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ వచ్చింది.

పాత బండి స్టార్ట్ కాకపోతే ఏం చేసేవాళ్లు? ప్లగ్గు తీసి నిప్పురవ్వ చూసి, కార్బురేటర్ గిన్నె విప్పి, జెట్లు ఊది, పెట్రోలుతో కడిగి, గాలి స్క్రూ సరిచేసేవాళ్లు. చెవితో వింటూ ఇంజన్ శబ్దాన్ని దారిలో పెట్టేవాళ్లు. కొత్త బండిలో ముందు తాళం తిప్పగానే ట్యాంకులో పెట్రోలు పంపు రెండు మూడు క్షణాలు సన్నగా మూలుగుతుందో లేదో వినాలి. సైడ్ స్టాండ్ స్విచ్ చూడాలి. బ్యాటరీ వోల్టేజి కొలవాలి. ఇంజన్ లైటు వెలిగి ఉంటే బండిలోని కనెక్టరుకు స్కానర్ పెట్టి కోడ్ చదవాలి. పి0335 అని వచ్చిందనుకుందాం. అది క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపం. నేర్చుకోనివాడు సెన్సార్ పోయిందని కొత్తది కొనిపిస్తాడు. అది వేసినా బండి కదలదు. నేర్చుకున్నవాడు కోడ్‌లో ‘సర్క్యూట్’ అన్న మాట గమనిస్తాడు. మల్టీమీటర్ తీసి వైరు పొడవునా చూసుకుంటూ పోతాడు. రాత్రి ఎలుక కొరికిన చోటో, కనెక్టర్‌లో తుప్పో దొరుకుతుంది. పది రూపాయల వైరుతో పని అయిపోతుంది. ఖాతాదారుడు ఆ మెకానిక్‌ను జీవితాంతం వదలడు.

శిక్షణ విలువ అంటే ఇదే. అది జీతం చీటీలో కనిపించకపోవచ్చు. తప్పు పార్టు వెయ్యకపోవడంలో, మళ్లీ మళ్లీ విప్పకపోవడంలో, నమ్మకంలో కనిపిస్తుంది. ఈ విద్య లేకపోతే కొత్త బళ్లన్నీ కంపెనీ సర్వీస్ సెంటర్లకు పోతాయి, షెడ్డుకు పాత బళ్లు మిగులుతాయి. అవి ఏటేటా తగ్గుతాయి. ఎలక్ట్రిక్ స్కూటర్లు పెరిగేకొద్దీ ఈ అంతరం ఇంకా పెరుగుతుంది. వాటిలో ఇంజన్ ఆయిలే లేదు. బ్యాటరీ, మోటారు, కంట్రోలర్ పని రానివాడు వాటి జోలికి పోకూడదు, ప్రమాదం కూడా.

సొంత షెడ్డు లెక్క

ఎక్కువమంది కుర్రాళ్ల కల జీతం కాదు, సొంత షెడ్డు. దాని లెక్క కూడా తూచుదాం. 2 లక్షలతో పల్లెలో టూ వీలర్ షెడ్డు పెట్టాలనుకున్న బీసీ యువకుడిని తీసుకుందాం. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద గ్రామీణ ప్రాంతంలో ప్రత్యేక వర్గాలకు సబ్సిడీ 35 శాతం, సొంత వాటా 5 శాతం. అతను పెట్టేది 10,000, సబ్సిడీ 70,000. చివరికి తీర్చాల్సిన అప్పు 1,20,000. 11 శాతం వడ్డీకి మూడేళ్లలో తీర్చాలంటే నెల కంతు 4,000కు కాస్త తక్కువ.

ఉదాహరణ కోసం, పార్టుల ధర పోగా బండికి 250 రూపాయల కూలి మిగులుతుందనుకుందాం. రోజుకు నాలుగు బళ్లు, నెలకు 25 రోజులు: 25,000 రూపాయలు. అద్దె 4,000, పనివాడి జీతం 8,000, కరెంటు, పానాల అరుగుదల 2,000, కంతు 4,000 తీసేస్తే మిగిలేది 7,000. అప్రెంటిస్ స్టైపెండ్‌తో సమానం! అదే రోజుకు ఆరు బళ్లు వస్తే 37,500 రాబడి, ఖర్చులు అవే, మిగులు 19,500. రెండు బళ్ల తేడాతో బతుకు మారిపోతుంది. ఆ రెండు బళ్లు కొత్త తరం బళ్లు. వాటిని బాగు చేయగలవాడికే అవి వస్తాయి. షెడ్డు పెట్టే ముందు అద్దె, పానాల గురించి ఎంత ఆలోచిస్తామో, బీఎస్-6 పని చేతికి వచ్చిందా అని అంతకన్నా ఎక్కువ ఆలోచించాలి.

మరో చిన్న లెక్క ఎవరూ మరవకూడదు. ఈ పనిలో వేలు నలగడం, జాకీ జారడం మామూలు. ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రధానమంత్రి సురక్షా బీమా కింద 2 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. ప్రతి షెడ్డులో మేస్త్రీ తనకూ, 18 నిండిన తన కుర్రాళ్లకూ కట్టించాలి.

ఎవరికి ఏ దారి

పదో తరగతి పాసైన కుర్రాడికి ఈ మూడు ఊళ్లలో అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ తిరిగిచ్చే దారి ప్రభుత్వ ఐటీఐలో డీజిల్ లేదా మోటారు మెకానిక్, ఆ వెంటనే ఆర్టీసీ డిపోలోనో కంపెనీ సర్వీస్ సెంటర్లోనో ఏడాది అప్రెంటిస్, తర్వాత ఇంజెక్షన్, స్కానర్ పని మీద చిన్న కోర్సు. కుప్పం వైపు కుర్రాళ్లు ఎలక్ట్రిక్ వాహనాల ట్రేడును తప్పకుండా పరిశీలించాలి, పక్కనే ఫ్యాక్టరీలున్నాయి. సెలవుల్లో, సాయంత్రాల్లో మంచి షెడ్డులో చెయ్యి ఆడించాలి. గంటల లోటు అక్కడే తీరుతుంది.

ఇప్పటికే షెడ్డులో ఏళ్లుగా పని చేస్తున్నవాళ్లు పని మానేసి చదువుకు పోనక్కర్లేదు. వచ్చిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే విధానం కౌశల్ వికాస్ పథకంలో ఉంది. దాన్ని వాడుకోవాలి. లక్ష ఫీజు కోర్సులు చివరి ఎంపికగా ఉండాలి.

ప్రభుత్వం చెయ్యాల్సింది కూడా ఉంది. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరికి, తాళాల పనివారికి చోటుంది, బండి మెకానిక్‌కు లేదు. చేర్చాలి. 2025లో వెయ్యి ఐటీఐలను బాగు చెయ్యడానికి 60,000 కోట్ల పథకం ప్రకటించారు. అందులో రాయలసీమ ఐటీఐలకు వచ్చే డబ్బు గోడలకు రంగులు వెయ్యడానికి కాకుండా బీఎస్-6 ఇంజన్లకూ, స్కానర్లకూ, ఇన్‌స్ట్రక్టర్ల శిక్షణకూ ఖర్చు కావాలి. అప్రెంటిస్ స్టైపెండ్ పెంపు సిఫారసుగా మిగిలిపోకూడదు. ప్రతి ఐటీఐ తన దగ్గర చదివిన ఎంతమంది ఏడాది తర్వాత ఎంత సంపాదిస్తున్నారో నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఆ ఒక్క కాగితం ఉంటే తల్లిదండ్రులు పక్కింటాయన మాట మీద ఆధారపడరు.

టమోటా ధర పడితే పంట పారబోయాల్సి వచ్చే నేల మీద, వాన మీద ఆధారపడని విద్య ఒకటి పిల్లల చేతికి ఇవ్వగలగడం పెద్ద విషయం. బండి పని అలాంటి విద్య. దాన్ని చదువు రానివాడి పనిగా చూడడం మానేసి, పద్ధతిగా నేర్పి, పద్ధతిగా కూలి ఇస్తే, పెట్టిన ప్రతి రూపాయీ తిరిగొస్తుంది.